బొత్తాల దగ్గర కాసేపు ఆగి చూడండి

అమ్మలకీ, నాన్నలకీ, ఎండలో ఇంత దూరం వచ్చిన అంగన్‌వాడీ అక్కలకీ నమస్కారం. రోజువారీ పనులు చేసుకోవడానికి కష్టపడే పిల్లలకి సాధన చేయిస్తాను నేను, దాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. అలాంటి పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలో ఇవాళ మాట్లాడుకుందాం.

మా నాయనమ్మ పొందూరులో సన్నఖాదీకి నూలు వడికేది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, రాట్నం ముందు కూర్చుంటే, ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పోగు అలా వస్తూనే ఉండేది. కాస్త గట్టిగా పట్టుకుంటే తెగిపోతుంది, వదులుగా పట్టుకుంటే లావైపోతుంది. ఎంత బలం పెట్టాలో ఆమె చేతికి తెలుసు, నోటితో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేది. పెన్సిల్ పట్టుకున్నప్పుడు, గ్లాసు ఎత్తినప్పుడు మన చేతులు చేసేది కూడా అదే లెక్క. కొంతమంది పిల్లల చేతికి ఆ లెక్క తొందరగా అందదు.

మా తమ్ముడు అలాంటివాడే. రెండో తరగతిలో వాడి నోటుబుక్కు తిరగేస్తే రాసిన అక్షరాలు కింద మూడు పేజీల దాకా అచ్చుపడి ఉండేవి. రోజుకి నాలుగైదు సార్లు పెన్సిల్ ముల్లు విరిగేది. బడిలో స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవారు, ఇంట్లో ‘గుంటడికి ఒళ్లొంగదు’ అనేవారు, నేనూ అన్నాను. వాడు రాసేటప్పుడు ఎడమ చెయ్యి పుస్తకం మీద ఉండేది కాదు, బల్ల అంచుని పట్టుకుని ఉండేది. అది ఎందుకో ఆక్యుపేషనల్ థెరపీ చదువుకున్నాకే నాకు అర్థమైంది. వాడి నడుముకి నిటారుగా కూర్చునే బలం చాలక, పక్కకి ఒరిగిపోకుండా ఆ చేత్తో ఆపుకునేవాడు. చెయ్యి అక్కడుంటే పుస్తకం జారుతుంది, పుస్తకం జారితే గీత తప్పుతుంది, గీత తప్పితే దెబ్బ. రెండేళ్లు ఆ దెబ్బలు తిన్నాడు.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉద్యోగాల సంగతి అనుకుంటారు చాలామంది. పిల్లల ఉద్యోగం ఏంటి చెప్పండి? అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం, ఆడుకోవడం, రాయడం, నలుగురిలో కూర్చోగలగడం. ఈ పనుల్లో ఏది ఎక్కడ అడ్డుపడుతోందో కనిపెట్టి, దాన్ని సాధన చేయించే వైద్యం ఇది. ఫిజియోథెరపీకి దగ్గరగా ఉంటుంది కానీ అదీ ఇదీ ఒకటి కాదు. అక్కడ ముఖ్యంగా కదలిక, కండబలం చూస్తారు. ఇక్కడ ఆ బలంతో పిల్లవాడు రోజువారీ పని చేసుకోగలుగుతున్నాడా అని చూస్తాం.

మరి ఎప్పుడు అనుమానపడాలి? ఏడాది నిండేసరికి పళ్లెంలో పడ్డ మెతుకుని రెండు వేళ్లతో ఏరి నోట్లో పెట్టుకుంటారు పిల్లలు. మూడేళ్లకి చూసి సున్నా గీస్తారు. అయిదేళ్లు వచ్చేసరికి పెద్ద బొత్తాలు పెట్టుకోగలరు. నెల అటూ ఇటూ అయితే కంగారు అక్కర్లేదు. కానీ ఏడాది కూడా నిండని బిడ్డ ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ రెండో చేతిని పిడికిలి బిగించి పక్కన పెట్టేస్తుంటే, ‘పుర్రచెయ్యి వాటం’ అని మురిసిపోకండి, ఆ వయసులో వాటం ఇంకా తేలదు, వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి. వచ్చిన మాటలు, వచ్చిన పనులు పోతున్నా అంతే, ఆ వారంలోనే వెళ్లండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆటో టైమైపోతుందని ఏడేళ్ల పిల్లాడికి కూడా మనమే ముద్దలు కలిపి పెడతాం, మనమే బొత్తాలు పెడతాం. వాడికి రాదా, మనం రానివ్వలేదా అన్నది తెలియదు. అందుకని ముందు ఒక నెల రోజులు వాడినే చేయనివ్వండి. ఆదివారం అయితే టెన్షన్ ఉండదు. పక్కన కూర్చుని బొత్తాం దగ్గర చూడండి. అలవాటు లేనివాడు నాలుగు రోజుల్లో దారిలో పడతాడు. నిజంగా కష్టపడేవాడు బొత్తాన్ని కాజా దాకా తెస్తాడు, రెండో చేత్తో అంచు లాగాలన్నది కుదరదు, చెమట పడుతుంది, మూడోసారికి చొక్కా విసిరికొడతాడు. చూసినవాళ్లకి అది మొండితనంలా ఉంటుంది. ఆ మొండితనం వెనక మూడుసార్లు ప్రయత్నించిన పిల్లాడున్నాడు, దయచేసి వాడిని చూడండి.

ఇంకో రకం ఇబ్బంది ఉంది. విజయనగరం సిరిమానోత్సవంలో ఆ జనానికి, డప్పులకి ఏ పిల్లాడైనా చెవులు మూసుకోవచ్చు. కానీ ఇంట్లో కుక్కర్ విజిల్‌కీ, మిక్సీకీ రోజూ వణికిపోతుంటే, గోళ్లు తీయాలన్నా జుట్టు కత్తిరించాలన్నా నలుగురు పట్టుకోవాల్సి వస్తే, పప్పన్నం మెత్తదనం నాలుకకి తగలగానే వాంతి చేసుకుంటుంటే, అది గారం కాదు. శబ్దం, స్పర్శ ఆ బిడ్డకి మనకంటే ఎక్కువగా తగులుతున్నాయి. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉండే పిల్లలూ ఉంటారు, ఎంత గిరగిరా తిరిగినా, గోడలకి గుద్దుకున్నా చాలదు వాళ్లకి.

‘మగపిల్లడు కదా, ఎదిగితే అదే వస్తుంది, వాళ్ల నాన్నా ఇంతే’ అని ఆగిపోకండి. కొందరికి వస్తుంది, నిజమే. రానివాళ్లకి ఆ రెండు మూడేళ్లూ దెబ్బలూ, వెక్కిరింపులూ మిగులుతాయి.

ఎక్కడికి వెళ్లాలంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం అది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చూస్తారు. ఆ పథకం వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వచ్చినప్పుడు బరువూ ఎత్తూ చూపించి పంపేయకుండా, ‘బొత్తాలు రావట్లేదు, అన్నం ఇలా తింటున్నాడు’ అని నోరు తెరిచి చెప్పండి. ఎదుగుదలలో తేడా ఉంటే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి, డీఈఐసీ అంటారు, అక్కడికి రాసిస్తారు. చూపు, వినికిడి పరీక్షలు తప్పకుండా చేయించండి. కనపడక గీత తప్పే పిల్లలూ ఉంటారు. బడికెళ్లే వయసులో ఇలా ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, మీ హెడ్మాస్టర్‌ని అడగండి.

థెరపీ చూస్తే ఆటలాగే ఉంటుంది. ఉయ్యాల, బంతి, బట్టల క్లిప్పులు. ‘ఆడించడానికా ఇంత దూరం తెచ్చాం’ అని అడుగుతారు. ఆ క్లిప్పు నొక్కేటప్పుడు పనిచేసేది పెన్సిల్ పట్టే వేళ్లే. ఇంట్లో కూడా చోడిపిండి, అంటే రాగిపిండి, కలిపించండి, తడిబట్ట పిండించండి, చిక్కుడుకాయలు ఒలిపించండి. చిన్నపిల్లలైతే గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే ఉండండి.

ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇస్తాను. పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది దాకా మీ బిడ్డ ఏ పని తనంతట తాను చేశాడు, ఏది మీరు చేశారు, ఎక్కడ ఏడ్చాడు, అంతే రాయండి. రాయడం రాకపోతే నాకు చెప్పండి, నేను రాస్తాను. భోజనాలయ్యాక సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, పిల్లల్ని కూడా తీసుకురండి.