పోర్షే 917 రివ్యూ: తోక కోశాక వచ్చిన అందం

నమస్కారం. ఈ వీడియోలో మనం పోర్షే 917 గురించి, అందులోనూ 917కె అని పిలిచే పొట్టి తోక కారు గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసులో పోర్షేకు మొట్టమొదటిసారి అన్ని తరగతుల మీదా అగ్రస్థానం తెచ్చిపెట్టిన కారు ఇదే. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను: గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల కోసం తయారైన కార్లలో నాకు ఇంతకన్నా అందమైనది కనిపించలేదు. అయితే ఆ అందాన్ని ఏ స్టైలిస్టూ కాగితం మీద గీయలేదు, గాలితో తేల్చుకోవలసిన ఒక లెక్క దాన్ని బయటికి తీసుకొచ్చింది.

కనీసం 25 కార్లు తయారుచేసిన కంపెనీ 5 లీటర్ల వరకు ఇంజిన్ వాడుకోవచ్చని ఆనాటి రేసింగ్ నిబంధన చెప్పింది. అంత ఖర్చుకు ఎవరూ సిద్ధపడరని అందరూ అనుకుంటున్న సమయంలో, పోర్షేలో రేసింగ్ అభివృద్ధిని నడిపిస్తున్న ఫెర్డినాండ్ పీయెక్ ఆ సాహసానికి పూనుకున్నాడు. 1969 మార్చిలో జెనీవా మోటార్ షోలో కారును చూపించారు. ఏప్రిల్‌లో తనిఖీకి వచ్చినవారి ముందు ఫ్యాక్టరీ ఆవరణలో 25 కార్లను వరుసగా నిలబెట్టారు.

హాన్స్ మెట్స్‌గర్ రూపొందించిన ఇంజిన్‌కు 12 సిలిండర్లు, నాలుగున్నర లీటర్ల సామర్థ్యం. దీనిని చల్లబరచేది నీరు కాదు, గాలి. అందుకే వెనుక మూత ఎత్తగానే ఇంజిన్ నెత్తిన పడుకోబెట్టినట్టున్న పెద్ద ఫ్యాన్ మొదట కంటబడుతుంది. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే పొడవైన క్రాంక్‌షాఫ్ట్‌కు చివరినుంచి శక్తిని తీసుకుంటే అది మెలిపడి కంపించే ప్రమాదం ఉన్నందున, సరిగ్గా మధ్యలో ఒక గేర్ అమర్చి అక్కడి నుంచి శక్తిని బయటికి తీశారు. అల్యూమినియం గొట్టాలతో అల్లిన ఛాసిస్, అంటే కారు అస్థిపంజరం, బరువు 50 కిలోలకు లోపే. ఆ గొట్టాలలో వాయువు నింపి ఉంచేవారు. ఒత్తిడి తగ్గిందంటే ఎక్కడో ఒక అతుకు పగులు ఇచ్చిందని అర్థం. గేర్ మార్చే కడ్డీ మీది గుండును సైతం తేలికైన చెక్కతో చేశారు. కొన్ని గ్రాముల కోసం ఇంతగా ఆరాటపడిన కారు మరొకటి ఉందా అని ఆ చెక్క గుండును చూసిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

అంత శ్రద్ధగా చేసిన కారు మొదటి ఏడాది డ్రైవర్లను భయపెట్టింది. నేరుగా ఉన్న రోడ్డు మీద, అత్యధిక వేగంలో, వెనుక చక్రాలు నేలను వదిలేస్తున్నట్టుగా అది అటూ ఇటూ ఊగేది. 1969 లె మాన్స్ మొదటి ల్యాప్‌లోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవర్ 917 నడుపుతూ ప్రాణాలు కోల్పోయాడు. ఈ కారు ఆకర్షణ గురించి మాట్లాడే ఎవరైనా ఆ మరణాన్ని దాటవేయకూడదని నేను నమ్ముతాను. డ్రైవర్ పాదాలు ముందు ఇరుసుకన్నా ముందుకు ఉండే ఈ నిర్మాణంలో రక్షణ అనేది చాలా తక్కువ.

పరిష్కారం అదే ఏడాది అక్టోబర్‌లో ఆస్ట్రియాలోని ఎస్టెర్‌రైఖ్‌రింగ్ ట్రాక్ మీద దొరికింది. పోర్షే కార్లను రేసుల్లో నడపబోతున్న జాన్ వయర్ జట్టు ఇంజినీరు జాన్ హార్స్‌మన్, పరీక్ష ముగించుకుని వచ్చిన కారును పరిశీలిస్తుండగా ముందు భాగం నిండా చచ్చిన పురుగుల మరకలు కనిపించాయి. వెనుక పొడవైన తోక మీది రెక్కల దగ్గర మాత్రం దాదాపు ఏమీ లేదు. అంటే గాలి అసలు అక్కడికి చేరడమే లేదు, చేరని గాలి తోకను నేలకు ఎలా అదుముతుంది? వెంటనే అక్కడికక్కడే అల్యూమినియం రేకులు తెచ్చి, పైకి లేచే పొట్టి తోకను అమర్చి చూశారు. కారు నిలకడగా నడిచింది, ల్యాప్ సమయాలు గణనీయంగా తగ్గాయి.

ఇప్పుడు పక్కనుంచి చూడండి. ముందు చక్రాల మీద ఉబ్బిన మడ్‌గార్డులు, బాగా ముందుకు జరిగిన క్యాబిన్, అక్కడినుంచి దిగినట్టే దిగి చివర మళ్ళీ పైకి లేచి, హఠాత్తుగా తెగిపోయే తోక. ఆ తెగిన చోటే నా చూపు ఆగిపోతుంది, ఎందుకంటే అలంకారం కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా అందులో లేదు.

రంగుల విషయానికొస్తే, వయర్ జట్టుకు స్పాన్సరైన గల్ఫ్ చమురు కంపెనీ వారి లేత నీలం, నారింజ రంగుల కారే అందరికీ ఇష్టం. 1970లో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసును పెడ్రో రోడ్రిగెజ్ బృందం గెలిచింది ఆ రంగులతోనే, కానీ గల్ఫ్ 917 లె మాన్స్‌ను ఎన్నడూ గెలవలేదు. 1970లో జోరువానలో లె మాన్స్ గెలిచింది పోర్షే 917లనే నడిపిన మరో జట్టు, ఆస్ట్రియాకు చెందిన సాల్జ్‌బర్గ్ జట్టు ఎరుపు తెలుపు కారు, నంబర్ 23. నడిపినవారు హాన్స్ హెర్మన్, రిచర్డ్ ఆట్‌వుడ్. ముందటి ఏడాది ఇదే 917తో చాలాసేపు ఆధిక్యంలో ఉండి, రేసు చివరి గంటల్లో కారు మొరాయించగా తప్పుకోవలసి వచ్చిన ఆట్‌వుడ్‌కు ఆ గెలుపు ఎంత తీపిగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే నా ఓటు ఆ ఎరుపు తెలుపు కారుకే.

1971లో హెల్ముట్ మార్కో, గైస్ వాన్ లెన్నెప్ మెగ్నీషియం ఛాసిస్ ఉన్న 917కెతో 24 గంటల్లో 5,335 కిలోమీటర్లు నడిపారు. ఆ దూరాన్ని 2010 వరకు లె మాన్స్‌లో ఎవరూ దాటలేకపోయారు. 1972 నుంచి ఇంజిన్‌ను 3 లీటర్లకు పరిమితం చేయడంతో 917 ఈ పోటీలకు దూరమై, పైకప్పు లేని టర్బో రూపంలో అమెరికా ఖండపు క్యాన్ యామ్ రేసులకు వెళ్ళిపోయింది. ఆ కథ మరో వీడియోకు సరిపడా ఉంది.

మొట్టమొదటి 917ను, అంటే 001 నంబరు కారును, 1969లో జెనీవాలో చూపించిన పొడవు తోక రూపానికి పోర్షే 2019లో మళ్ళీ తీసుకొచ్చింది. దాని ఫొటోను 917కె ఫొటో పక్కన పెట్టుకుని, క్యాబిన్ నుంచి వెనక్కి సాగే గీతను మాత్రమే పోల్చి చూడండి. మీకు ఏ తోక నచ్చిందో, ఎందుకు నచ్చిందో కామెంట్లలో రాయండి.