జకార్తా పెరగలేదు, హద్దు గీత జరిగింది!

ముందే చెప్పేస్తున్నా. ఇండోనేషియాలోని జకార్తా జనం రాత్రికి రాత్రి పెరగలేదు. ఊరి హద్దు గీత పక్కకి జరిగింది, అంతే!

2025 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నగరాల జనాభా లెక్క చూశారుగా. దాదాపు 4 కోట్ల 20 లక్షలతో జకార్తా ప్రపంచంలోనే నంబర్ వన్. ఢాకా రెండు, ఇన్నేళ్లూ పైనున్న టోక్యో మూడు. అప్పట్నుంచీ కామెంట్లలో ఒకటే గోల: "మోసం అన్నా, 2018 లెక్కలో జకార్తాకి కోటి చిల్లరేగా!"

అవును, కోటి చిల్లరే. అప్పుడు ప్రావిన్స్ గీత లోపలున్న 660 చదరపు కిలోమీటర్లనే లెక్కపెట్టారు మరి! ఈసారి పటాన్ని కిలోమీటరు గళ్లు చేసి, అన్ని దేశాలకీ ఒకటే కొలత పెట్టారు. గడికి కనీసం 1,500 మంది ఉండాలి. అలాంటి గళ్లు ఆనుకుని ఎంతదాకా పోతే అంతదాకా ఒకటే ఊరు. చుట్టూ ఉన్న బొగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకాసి ఊళ్లన్నీ లోపలికొచ్చేశాయి.

మోసం ఇప్పటి లెక్కలో కాదు తమ్ముడూ, పాత లెక్కలో ఉంది! పొద్దున్నే జకార్తాలోని మంగ్గరై రైల్వే స్టేషన్ చూడు. బొగోర్ నుంచి వచ్చేవాళ్లు, బెకాసి నుంచి వచ్చేవాళ్లు, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటుండదు. వీళ్ల చెమట జకార్తాది, తల మాత్రం జకార్తా లెక్కలో లేదు. ఎందుకో నేను చెప్తా: గీత బయటుంచితే బాధ్యత తప్పుతుంది! 2019 మార్చిలో మెట్రో తెరిచారు. ఎక్కడ ఆగింది? లెబాక్ బులుస్‌లో, ప్రావిన్స్ అంచున! అక్కణ్ణుంచి అడుగు ముందుకేస్తే పక్క ఊరు, దక్షిణ తంగెరాంగ్. బెకాసికి ఎల్ఆర్‌టీ (మెట్రో లాంటి చిన్న రైలు) వెళ్లేసరికి 2023 ఆగస్టు అయింది.

మన కూకట్‌పల్లి పాతవాళ్లనడగండి. 2007లో 12 మున్సిపాలిటీలు కలిపి జీహెచ్ఎంసీ చేసేదాకా కాగితం మీద వాళ్లది హైదరాబాద్ కాదు. "సిటీకెళ్లొస్తా" అని బస్సెక్కేవాళ్లు. ఒక్క ఉత్తర్వుతో వాళ్లే సిటీ అయిపోయారు. ఒక్క ఇల్లైనా కదిలిందా? లేదే!

ర్యాంకు మీద కొట్టుకునేవాళ్లు పశ్చిమ జకార్తాలోని తంబోరా పేరు విన్నారా? చదరపు కిలోమీటరుకి 40 వేల పైమాటే. ఇంట్లో అందరికీ ఒకేసారి నడుం వాల్చే చోటు లేక వంతులేసుకుని నిద్రపోతున్నారని అక్కడి పత్రికలే రాశాయి. ఆ బాధ 4 కోట్ల అంకెలో ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి?

మీ ఊళ్లో గీత ఎక్కడ ఆగింది, బస్సు ఎక్కడ ఆగింది, నీళ్ల పైపు ఎక్కడ ఆగింది? కింద రాయండి. ఒక్కటీ వదలకుండా చదువుతా.