స్పీడ్ ఉంటే చాలా?
(డాలస్ ప్రాంత తెలుగువారి దసరా సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దుటి నుంచి వంటల దగ్గర నిలబడిన వాలంటీర్లకు కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ, ఇచ్చిన సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ.

నన్ను 'పిల్లలు, ఆటలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను ఒకే ఆట గురించి, అందులోనూ ఒకే ప్రశ్న గురించి మాట్లాడతాను. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో, ఆటగాళ్ళను మైదానం వెడల్పంతా పరిచి దాడి చేసే స్ప్రెడ్ అఫెన్స్‌ను జట్టు మొత్తం వేగం, అంటే టీమ్ స్పీడ్, ఆపగలదా? టెక్సస్‌లో కాఫీ కప్పు పట్టుకున్న ప్రతివాడికీ దీని మీద ఒక అభిప్రాయం ఉంటుంది. "మనవాళ్ళకి స్పీడ్ లేదు, అందుకే ఓడిపోయాం" అనడం అలవాటైపోయింది. ఆ మాట మన ఇళ్ళలోకి కూడా వచ్చేసింది. అందుకే ఈ ప్రశ్న ఎత్తుకున్నాను.

ఆట అంతగా తెలియనివాళ్ళ కోసం ఒక్క విషయం. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతిని ఎక్కడ పెట్టి ఆట మొదలుపెట్టాలో చెప్పే హ్యాష్ మార్కులు రెండు వరుసలుంటాయి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ రెండు వరుసల మధ్య దూరం 18.5 అడుగులు, కాలేజీలో 40 అడుగులు. అంటే కాలేజీ ఆటలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఇటు 60 అడుగులు, అటు 100 అడుగులు. ఆ 100 అడుగుల ఖాళీయే స్ప్రెడ్‌కు ప్రాణం. పాస్ అందుకునే నలుగురైదుగురు రిసీవర్లను పక్క గీతల దాకా పరిచేస్తారు. వాళ్ళని కాయడానికి డిఫెన్స్, అంటే ఆపే జట్టు, కూడా పరుచుకోక తప్పదు. అప్పుడు మధ్యలో మనుషులు పలచబడతారు.

స్పీడ్‌ను నమ్మేవాళ్ళ దగ్గర గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. అవి దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. 1980లలో మయామీ యూనివర్సిటీ కోచ్ జిమ్మీ జాన్సన్, అందరికంటే వెనక కాసే సేఫ్టీలను మధ్య వరస లైన్‌బ్యాకర్లుగా, లైన్‌బ్యాకర్లను ముందు వరస చివర నిలబడే డిఫెన్సివ్ ఎండ్‌లుగా మార్చాడు. సైజు తగ్గినా ఫరవాలేదు, పరిగెత్తాలి అన్నాడు. అప్పట్లో ఓక్లహోమా యూనివర్సిటీ విష్‌బోన్ అనే, బంతి పట్టుకుని పరిగెత్తడం మీదే ఆధారపడే పద్ధతి ఆడేది. 1985, 86, 87... ఈ మూడు సీజన్లలో ఓక్లహోమా ఓడింది మూడే ఆటలు, మూడూ మయామీ చేతిలోనే! ఆ తర్వాత 2008లో అదే ఓక్లహోమా స్ప్రెడ్ ఆడుతూ వరసగా ఐదు ఆటల్లో 60కి పైగా పాయింట్లు కొట్టింది, సీజన్ మొత్తం మీద 716. ఛాంపియన్‌షిప్‌లో ఫ్లోరిడా జట్టు ఆ ఓక్లహోమాను 14 పాయింట్ల దగ్గర ఆపేసింది. ఫ్లోరిడా ఆడేది ఎస్‌ఈసీ అనే దక్షిణాది కాలేజీల లీగ్‌లో; 'ఎస్‌ఈసీ స్పీడ్' అన్నది మంత్రమైపోయింది.

కానీ ఒక్క ప్లే దగ్గరగా చూద్దాం. దాని పేరు జోన్ రీడ్. 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రోడ్రిగెజ్ అనే కోచ్ దీన్ని అభివృద్ధి చేశాడు. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ పొట్టకు బంతిని ఆనించి పట్టుకుంటాడు. ఇంకా ఇవ్వడు, వెనక్కీ లాక్కోడు. అతని కళ్ళు డిఫెన్సివ్ ఎండ్ మీద ఉంటాయి. ఆ ఎండ్‌ను ఎవరూ బ్లాక్ చేయరు, కావాలనే వదిలేస్తారు. ఎండ్ రన్నింగ్ బ్యాక్ వెంటపడ్డాడా, క్వార్టర్‌బ్యాక్ బంతి తనే ఉంచుకుని ఆ ఎండ్ ఖాళీ చేసిన దారినే వెళ్ళిపోతాడు. ఎండ్ కదలకుండా నిలబడ్డాడా, బంతి రన్నింగ్ బ్యాక్‌కి ఇచ్చేస్తాడు. ఇప్పుడు మీరే చెప్పండి, ఆ ఎండ్ ఎంత వేగంగా దూకితే ఆ దారి అంత త్వరగా ఖాళీ అవుతుంది కదా? అతని వేగం ఎవరికి పనికొచ్చింది?

దీనికి విరుగుడు దొరికింది. ఎండ్ లోపలికి దూకుతాడు, అదే క్షణంలో వెనకున్న లైన్‌బ్యాకర్ చుట్టూ తిరిగి వచ్చి క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడతాడు. ఇద్దరూ పనులు మార్చుకుంటారు. ఇది కాళ్ళతో జరిగే పనే అయినా ముందు కళ్ళతో మొదలవ్వాలి. లైన్‌బ్యాకర్ అరక్షణం ఆలస్యంగా చూస్తే ఎంత పరిగెత్తినా లాభం లేదు.

టెక్సస్‌లోని వేకో ఊరి సంగతి చెప్పకుండా నేను ఈ వేదిక దిగలేను. 2014 అక్టోబర్ 11. బ్రాజోస్ నది ఒడ్డున బేలర్ యూనివర్సిటీ వాళ్ళ కొత్త స్టేడియం. నేనూ ఉన్నాను అక్కడ, మా ఫోర్ట్ వర్త్ యూనివర్సిటీ టీసీయూ ఊదారంగు చొక్కాలో. టీసీయూ కోచ్ గ్యారీ ప్యాటర్సన్ అంటే స్ప్రెడ్‌ను ఆపడానికే పుట్టాడని మా ఊళ్ళో అనుకునేవాళ్ళం. ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లతో ఆయన 4-2-5 పద్ధతి ఆడించేవాడు. హైస్కూల్లో రన్నింగ్ బ్యాక్‌లుగా ఆడిన పిల్లల్ని తెచ్చి డిఫెన్స్‌లో పెట్టేవాడు. హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్ నుంచి వచ్చిన జెరీ హ్యూస్ అలాగే డిఫెన్సివ్ ఎండ్ అయి, దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్ళకిచ్చే ఆల్ అమెరికన్ గౌరవం పొందాడు. వేగం కావాలంటే ప్యాటర్సన్ దగ్గర ఉంది. నాలుగో క్వార్టర్‌లో స్కోరు 58-37, మేం 21 పాయింట్లు ముందున్నాం. నా పక్కనున్న బేలర్ పెద్దాయన లేచి కారు తాళాలు తీశాడు.

తర్వాత బేలర్‌కు వరసగా 24 పాయింట్లు. 61-58. ఆట ముగిసే క్షణంలో ఫీల్డ్ గోల్, అంటే బంతిని తన్ని తెచ్చే మూడు పాయింట్లు. బేలర్ క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ పెటీ ఆ రోజు విసిరినవి 510 యార్డులు. బేలర్ రిసీవర్లు దాదాపు పక్క గీత మీద నిలబడేవాళ్ళు. అంత దూరంలో మా కార్నర్‌కు, అంటే ఆ రిసీవర్‌ను కాసే కుర్రాడికి, సాయం వచ్చేవాడెవడూ లేడు. ప్రతి ప్లేకూ అతను ఒంటరిగా వెనక్కి పరిగెత్తాలి, తిరిగి వచ్చి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిలబడాలి, ఊపిరి అందేలోపే బేలర్ మళ్ళీ బంతి తీసేది. ఆ పిల్లవాడు వేగంలో ఎవరికీ తీసిపోడు. అతన్ని ఓడించింది దూరం, అలసట. 2017 జనవరి ఛాంపియన్‌షిప్‌లో అలబామాకు కూడా ఇదే జరిగింది. అంతటి డిఫెన్స్ మీద క్లెమ్సన్ 99 ప్లేలు ఆడి, ఒక్క సెకను మిగిలుండగా గెలుపు టచ్‌డౌన్ కొట్టింది. ఆ బంతి పట్టినవాడు హంటర్ రెన్‌ఫ్రో, స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మా అక్క కొడుకు హైస్కూల్లో లైన్‌బ్యాకర్. ఏ స్కూలో చెప్పను. ఆ కోచ్ గారు మైదానంలో కోన్లు పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని 40 యార్డులు పరిగెత్తించారు. వచ్చిన టైములను వరసగా రాసి, ఆ వరసలోనే జట్టు కట్టారు. మావాడు బెంచీ మీద కూర్చున్నాడు. వాడు రాత్రిళ్ళు వీడియోలు చూసి ఆట చదువుకునే పిల్లవాడు. ఒక శుక్రవారం నేను వెళ్ళాను. అవతలి జట్టు స్ప్రెడ్. మా వేగం పిల్లలు ప్రతిసారీ తప్పు వైపే, భలే వేగంగా పరిగెత్తారు. తిరిగొచ్చేటప్పుడు కారులో మావాడు అన్నాడు: "మామయ్యా, వాళ్ళ ముందు వరసలో ఉండే గార్డు పక్కకు వెళ్ళే ప్లేలో నేల మీది వేళ్ళపై బరువు వేయడు, తేలిగ్గా పెడతాడు. బరువు ముందుకేస్తే వేళ్ళ చివర్లు తెల్లబడతాయి. నాకు బెంచీ నుంచే కనిపించింది." మా అక్క అది వినిపించుకోలేదు. "తమ్ముడూ, స్పీడ్ నేర్పే ట్రైనర్ ఎవరైనా ఉంటే చూడరా" అంది. నాకు కడుపు మండిపోయింది! అక్క మీద కాదు. పదిహేనేళ్ళ పిల్లవాడి కళ్ళను వదిలేసి కాళ్ళను మాత్రమే కొలిచిన ఆ స్టాప్‌వాచ్ మీద.

మీలో చాలామంది ఊళ్ళో కబడ్డీ ఆడినవాళ్ళే. కూతకొచ్చినవాణ్ణి పట్టేది అందరికంటే వేగంగా పరిగెత్తేవాడా? ఒకడు చీలమండ పట్టుకుంటే మిగతావాళ్ళు అదే క్షణంలో మీద పడతారు. ఒక్కడే పడితే గీత దాటి వెళ్ళిపోతాడు.

స్ప్రెడ్‌ను ఆపినవాళ్ళు కూడా అదే చేశారు. 2012 నవంబర్‌లో ఒరెగాన్ సగటున 50కి పైగా పాయింట్లు కొడుతోంది, అప్పటిదాకా ఓటమి లేదు. స్టాన్‌ఫర్డ్ జట్టు ఒరెగాన్ వాళ్ళ ఊరికే వెళ్ళి ఓవర్‌టైమ్‌లో 17-14తో గెలిచింది. ఒరెగాన్‌తో పరుగు పందెం పెడితే స్టాన్‌ఫర్డ్ నెగ్గేది కాదు. వాళ్ళ ముందు వరస బలంగా నిలబడింది, దొరికినవాణ్ణి దొరికినచోటే పడేసింది. 2017లో అయొవా స్టేట్ ఇంకో దారి చూపించింది. జాన్ హీకాక్ అనే కోచ్ ముగ్గుర్ని మాత్రమే ముందు పెట్టి, వెనక ముగ్గురు సేఫ్టీలను నిలిపి, ఎనిమిదిమందిని వెనక్కి జరిపే పద్ధతి పట్టుకున్నాడు. బేకర్ మేఫీల్డ్ ఉన్న ఓక్లహోమా అప్పుడు దేశంలో మూడో ర్యాంకు. దాన్ని దాని సొంత ఊరు నార్మన్‌లోనే 38-31తో ఓడించారు. పేరున్న ఆటగాళ్ళెవరూ అయొవా స్టేట్‌కు ఎగబడి వెళ్ళరు. ఉన్నవాళ్ళను ఎక్కడ నిలబెట్టాలో తెలుసుకున్నారు, అంతే.

2021 సీజన్ ఛాంపియన్ జార్జియా సంగతేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. 2021 జార్జియా డిఫెన్స్‌లో జోర్డన్ డేవిస్ 341 పౌండ్ల బరువుతో 40 యార్డులు 4.78 సెకన్లలో పరిగెత్తాడు. అలాంటివాళ్ళు ముందు వరసలో ఉంటే స్ప్రెడ్ ఏమిటి, ఏదైనా ఆగుతుంది. అలాంటి మనిషి దేశం మొత్తంలో ఏడాదికి ఎంతమంది దొరుకుతారు? జార్జియాకు దొరికినది చూపించి మన సబర్బ్ స్కూళ్ళలో పిల్లల్ని వడపోయడం అన్యాయం. పైగా ఆ జార్జియా పిల్లలు టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం, కూడా నేర్చుకున్నవాళ్ళే, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

కాబట్టి నా జవాబు: వేగం కావాలి. వేగం లేకపోతే ఆ 100 అడుగుల వైపు చేరలేం. కానీ చేరినవాడు పట్టుకోవాలి, అంతకు ముందు ఎటు చేరాలో చూడగలగాలి. మనం డబ్బు పోసేది మొదటిదానికే. రెండోదీ మూడోదీ నేర్పేవాళ్ళు లేరు.

అమ్మలారా, నాన్నలారా, దయచేసి స్పీడ్ ట్రైనర్‌కు ఫీజు కట్టేముందు మీ కోచ్‌ను ఒక్క మాట అడగండి: వారంలో ఎన్ని నిమిషాలు టాకిల్ నేర్పుతున్నారు? తలను పక్కకు పెట్టి భుజంతో పట్టడం నేర్పుతున్నారా? ఇది ఆట కోసమే కాదు, పిల్లల మెడల కోసం, తలల కోసం కూడా.

ఆదివారం పొద్దున మా పేటలో కొందరు పిల్లలతో మేం ఇదే పని చేస్తున్నాం. ప్యాడ్లు లేకుండా, సగం వేగంతో, చూడటం, నిలబడటం, పట్టడం. ఫీజు లేదు. హైస్కూల్లోనో కాలేజీలోనో డిఫెన్స్ ఆడినవాళ్ళు ఈ హాల్లో ఒకరిద్దరైనా ఉంటారు. ఒక గంట వచ్చి నిలబడగలిగితే చెప్పండి. నేను భోజనాల దగ్గర కుడిపక్క తలుపు వద్దే ఉంటాను, కాగితం, కలం నా దగ్గరే ఉన్నాయి.