ఆయ్ ఖానుమ్: అముదర్యా ఒడ్డున యవనుల నగరం

[తెర మీద: ఉత్తర అఫ్గానిస్తాన్ మ్యాప్. రెండు నదులు కలిసే చోట ఎర్ర చుక్క]

కోక్చా నది వచ్చి అముదర్యాలో కలిసే చోటే ఆయ్ ఖానుమ్, యవనుల (అంటే గ్రీకుల) నగరం. రెండు వైపులా నీళ్లు, ఇంకోవైపు 60 మీటర్ల ఎత్తు గుట్ట. శత్రువుకు మిగిలేది ఈశాన్య దిక్కే కాబట్టి కోటగోడ అక్కడ బాగా మందంగా కట్టారు. లాపిస్ లజులీ నీలిరాళ్ల గనులు కూడా కోక్చా ఎగువనే ఉన్నాయి.

అలెగ్జాండర్ క్రీ.పూ. 329లో బాక్ట్రియాలో (ఈ ప్రాంతపు పాత పేరు) అడుగుపెట్టి, వేలమంది గ్రీకు సైనికుల్ని అక్కడే కాపురం పెట్టించాడు. వాళ్లకది ఇష్టం లేదు. 323లో అతను చనిపోయాడని తెలియగానే ఇంటిదారి పట్టారు. మాసిడోనియన్ సేనలు అడ్డుపడి చాలామందిని చంపేశాయి. తర్వాత అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ వంశం ఏలింది. సుమారు క్రీ.పూ. 250లో ఆ వంశం తరఫున పాలిస్తున్న డియోడోటస్ తానే రాజునన్నాడు.

[తెర మీద: తవ్వకాల ప్లాన్]

ఫ్రెంచి బృందం పాల్ బెర్నార్డ్ నాయకత్వంలో 1964 నుంచి 1978 దాకా ఇక్కడ తవ్వింది. వ్యాయామశాల, 84 మీటర్ల వ్యాసంతో నాటకశాల, కొరింథియన్ స్తంభాలు (తలమీద ఆకుల నగిషీ ఉండే గ్రీకు స్తంభాలు) బయటపడ్డాయి. అచ్చమైన గ్రీకు నగరమే అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అంత సూటిగా ఉండదు. స్తంభాలు సున్నపురాయివే, గోడలు మాత్రం పచ్చి ఇటుక. కప్పులు ఈ ప్రాంతపు పద్ధతిలో బల్లపరుపు మట్టి మిద్దెలు, వాటి అంచున మాత్రం గ్రీకు నగిషీ పెంకులు. నాటకశాల మధ్య వరుసల్లో పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా గదుల్లాంటివి కట్టారు. గ్రీసు నాటకశాలల్లో అలాంటివి కనబడవు.

ప్రధాన దేవాలయం ప్లాను గ్రీకుది కానే కాదు. లోపలి విగ్రహంలో దొరికిన ముఖ్యమైన భాగం చెప్పు తొడిగిన పాలరాతి పాదం. చెప్పు మీద గ్రీకు దేవరాజు జ్యూస్ వజ్రాయుధం చెక్కి ఉంది. పాలరాయి ఇక్కడ అరుదు కాబట్టి కాళ్లు, చేతుల్లాంటి భాగాలకే వాడి, మిగతా శరీరాన్ని మట్టితో మలిచేవారు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవి ఖజానా కుండలు. డబ్బు ఎవరి నుంచి వచ్చింది, ఎవరు లెక్కపెట్టారు, ఎవరు ముద్ర వేశారు అన్నది వాటి మీద సిరాతో గ్రీకులో రాసేవారు. ఆ గుమాస్తాల్లో ఆక్సిబజోస్ లాంటి పేర్లున్నాయి. అది ఆక్సస్, అంటే అముదర్యా నది, పేరు మీద పెట్టుకున్న స్థానిక పేరు. ఆఫీసు భాష గ్రీకు, కలం పట్టింది స్థానికులు.

[తెర మీద: అగథోక్లిస్ నాణెం, రెండు వైపులా]

1970లో ఇక్కడే అగథోక్లిస్ అనే యవన రాజు వేయించిన ఆరు వెండి నాణేలు దొరికాయి. ఒక వైపు నాగలి పట్టిన సంకర్షణుడు (బలరాముడు), గ్రీకు లిపి. మరో వైపు చక్రంతో వాసుదేవుడు (కృష్ణుడు), బ్రాహ్మీ లిపి. ఆకారం గ్రీకు నాణెంలా గుండ్రం కాదు, మన పాత నాణేల్లా నలుపలక. హిందూకుష్ పర్వతాలకు దక్షిణాన జనం చేతుల్లో చెల్లాలంటే ఆ రూపమే కావాలి.

సుమారు క్రీ.పూ. 145లో దాడుల్లో నగరం పడిపోయింది. హిందూకుష్ దక్షిణాన మాత్రం మినాండర్ లాంటి యవన రాజులు ఏలుతూనే ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు మనకు నాణేల మీదే దొరుకుతాయి. ఒక రాజు నాణెం మీద ఇంకొక రాజు అచ్చు మళ్లీ కొట్టి ఉంటే, పై అచ్చు వేయించినవాడే తర్వాతివాడని లెక్క. నాణెం ఏ ఊళ్లో, ఏ పొరలో దొరికిందో తెలిస్తే ఆ లెక్క ఇంకా గట్టిపడుతుంది. 1978 తర్వాత యుద్ధకాలంలో దొంగలు ఆయ్ ఖానుమ్‌ను గుంతలమయం చేశారు. అక్కడి సొత్తు బజారుకెక్కింది, ఏది ఏ పొరలోదో చెప్పే ఆధారం పోయింది. దొరికిన చోటు తెలియని నాణెం రాజు పేరు, ముఖం చూపిస్తుంది గానీ, అతను ఏ నగరాన్ని ఏలాడో చెప్పలేదు.