న్యూజెర్సీలో కార్నర్ ఇల్లు, ఆరడుగుల కంచె: జోనింగ్ వేరియన్స్ ఎలా తెచ్చుకున్నాం

నమస్కారమండి. ఇప్పుడు మీరు చూస్తున్నది న్యూజెర్సీలో మా ఇంటి పక్క వీధి. ఈ వీధి వైపు ఆరడుగుల కంచె వేసుకోవడానికి టౌన్‌షిప్ జోనింగ్ బోర్డు (ఏ స్థలంలో ఏది, ఎలా కట్టవచ్చో చెప్పే నిబంధనలను చూసే బోర్డు) నుంచి వేరియన్స్, అంటే నిబంధన నుంచి మినహాయింపు, ఎలా తెచ్చుకున్నామో ఈ వీడియోలో చెబుతాను.

మన దగ్గర కార్నర్ బిట్టు అంటే, అందులోనూ ఈశాన్యం మూలదైతే, గజానికి ఇంకాస్త ఎక్కువిచ్చి మరీ కొంటారు. ఇక్కడ చాలా టౌన్‌షిప్‌లు అలాంటి స్థలానికి రెండు వీధుల వైపునూ ఫ్రంట్ యార్డ్‌గానే లెక్కగడతాయి. పెరట్లో ఆరడుగుల కంచెకు అభ్యంతరం చెప్పని మా టౌన్‌షిప్ నిబంధనే వీధి వైపు నాలుగడుగులు దాటనివ్వదు. పైగా మా స్థలం పుచ్చకాయ ముక్కలాగా వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఇల్లేమో వెనక హద్దుకు దగ్గరగా ఉంది. అందువల్ల పిల్లలు ఆడుకోవాలన్నా, నాలుగు కూరగాయల మొక్కలు పెట్టుకోవాలన్నా మిగిలిన చోటు ఈ పక్క వీధి వైపే. నాలుగడుగుల కంచె ఉంటే, కాలిబాట మీద నడిచేవాళ్లు ఈ పూట మా ఇంట్లో ఏ కూరో చెప్పగలరు.

వేరియన్స్ ఇచ్చే అధికారాన్ని బోర్డులకు న్యూజెర్సీ మున్సిపల్ లాండ్ యూజ్ లా ఇస్తోంది. ఇది 1975 నాటి చట్టం. కంచె ఎత్తు లాంటివి ‘సి’ వేరియన్స్ కిందికి వస్తాయి. స్థలం ఆకారం వల్లనో, మెరక పల్లాల వల్లనో, చట్టప్రకారం అప్పటికే ఉన్న కట్టడం వల్లనో యజమానికి ఇబ్బంది కలుగుతోందని చూపడం ఒక దారి; మినహాయింపు వల్ల కలిగే మేలు నష్టం కంటే ఎక్కువని చూపడం రెండో దారి. ఏ దారిలో వెళ్లినా ఇరుగుపొరుగుకు చెప్పుకోదగ్గ హాని లేదనీ, జోనింగ్ ఉద్దేశానికి భంగం కలగదనీ నిరూపించాల్సింది దరఖాస్తుదారే.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జింకలు బెండ మొక్కలను మొదలంటా మేసేస్తున్నాయనీ, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు బయట కూర్చోవడానికి మొహమాటపడుతున్నారనీ చెబితే బోర్డు సభ్యులు సానుభూతితో వింటారు, కానీ దానికి చట్టంలో తూకం లేదు. వేరియన్స్ మనిషితో కాక స్థలంతో ఉండిపోతుంది. రేపు మనం ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయినా కంచె అక్కడే ఉంటుంది. కనుక చెప్పాల్సింది స్థలానికున్న చిక్కు గురించే. మేము సర్వే నకలు మీద కంచె గీతను ఎర్ర పెన్నుతో గీసి, ఇల్లు వెనక హద్దుకు ఎంత దగ్గరగా ఉందో కొలతలు రాసి ఇచ్చాం.

స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులందరికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందాలి, బహిరంగ ప్రకటన కూడా వెలువడాలి. ఆ యజమానుల జాబితాకు టౌన్‌షిప్ తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 10 డాలర్లు, లేదా పేరుకు 25 సెంట్లు, ఏది ఎక్కువైతే అది. అసలు ఖర్చు సర్టిఫైడ్ మెయిల్‌కూ, ఎస్క్రో డిపాజిట్‌కూ అవుతుంది. బోర్డు న్యాయవాది, ఇంజినీరు మన ఫైలు మీద పెట్టే సమయానికి డబ్బు ఆ డిపాజిట్‌లోంచే పోతుంది. నోటీసులో లోపముంటే బోర్డుకు విచారించే అధికారమే ఉండదు కనుక పోస్టాఫీసు రసీదులను జాగ్రత్తగా దాచుకోవాలి.

విచారణలో కుడి చెయ్యెత్తి ప్రమాణం చేయించారు, మా ఫొటోలను సాక్ష్యంగా తీసుకుని వాటి మీద ‘ఎ-1’ అని గుర్తు వేశారు. తర్వాత మా పక్కింటి పెద్దాయన లేచి, తన కారును డ్రైవ్‌వే నుంచి వెనక్కి తీసేటప్పుడు కాలిబాట మీద వచ్చే పిల్లలు ఈ కంచె చాటున కనిపిస్తారా అని అడిగారు. ఆ సాయంత్రం అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ అదే అసలైన ప్రశ్న అని నా అభిప్రాయం. మన దగ్గర కూడా రెండు రోడ్లు కలిసే చోట ప్రహరీ మూలను స్ప్లే పేరుతో కోసేయమనేది, మలుపులో ఎదురుగా వచ్చేవాళ్లు కనిపించాలనే కదా! కంచెను హద్దు నుంచి కొన్ని అడుగులు లోపలికి జరిపి, ముందు పొదలు నాటి, డ్రైవ్‌వే వైపు మూలను ఖాళీగా వదలగలరా అని ఒక సభ్యురాలు అడిగితే వెంటనే ఒప్పుకున్నాం, ఆ షరతులతోనే ఆమోదం వచ్చింది.

ఓటు పడగానే పని మొదలుపెట్టకండి. నిర్ణయాన్ని 45 రోజుల్లోగా రాతపూర్వక తీర్మానంగా ఆమోదిస్తారు. అది ప్రకటించాక కోర్టులో సవాలు చేయడానికి ఇంకో 45 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు ముగిశాకే మేము కాంట్రాక్టరుకు అడ్వాన్స్ ఇచ్చాం. గుంతలు తవ్వే ముందు, నేల లోపలి గొట్టాలు, తీగలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయడం తప్పనిసరి; వాళ్లు వచ్చి గ్యాస్ గొట్టాలకు పసుపు రంగు, కరెంటు తీగలకు ఎరుపు, మంచినీటికి నీలం గుర్తులు వేసి వెళతారు.