మూలన పడున్న పాత సబ్‌సాయిలర్: రైతుల ప్రశ్నలు, జవాబులు

వ్యాఖ్యాత: నేల లోపలి గట్టిపొరను పగలగొట్టే ట్రాక్టర్ పనిముట్టు సబ్‌సాయిలర్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. మొదటి కాల్ కళ్యాణదుర్గం నుంచి. చెప్పండన్నా.

రైతు: నమస్కారం సార్. పాత ట్రాక్టర్ సామాన్లతో ఒకటి వచ్చింది. ఒకటే కాలు, కింద కర్రు ఉండాది. సబ్‌సాయిలరేనా?

నిపుణుడు: నమస్తే అన్నా. కర్రు చప్పటగా ఉలి మాదిరి ఉందా, గుండ్రంగా ఉందా?

రైతు: చప్పట. వెనకాల ఏమీ లేదు.

నిపుణుడు: అయితే సబ్‌సాయిలరే. అడుగున గుండ్రటి బుల్లెట్, దాని వెనక ఇంకాస్త లావు గుండు ఉంటే అది మోల్ నాగలి. బంకమట్టి అడుగు తడిగా ఉన్నప్పుడు లాగి మురుగునీటికి సొరంగం తీస్తారు. దాని పని వేరు. ఇది ఏ సైజు ట్రాక్టర్‌కి సరిపోతుందో తెలియాలంటే తగిలించే పిన్నులు కొలవండి. ట్రాక్టర్ వెనక పనిముట్టును పట్టుకునే మూడు చేతుల్లో కింది రెండు లింకులవి 22 మిల్లీమీటర్లు, పైనున్న టాప్‌లింక్‌ది 19 ఉంటే కేటగిరీ-1 సైజు. 28, 25 ఉంటే కేటగిరీ-2.

రైతు: 22 ఉండాయి. రేకు మీద మాస్సీ ఫెర్గూసన్ అని కనిపిస్తాంది.

నిపుణుడు: మాస్సీ-హారిస్, ఫెర్గూసన్ కంపెనీలు 1953లో కలిశాయి. మొదట మూడు పేర్లూ కలిపి రాసేవాళ్లు, 1958 ప్రాంతంలో కుదించారు. మీది అంతకన్నా పాతది కాదు. రంగు చూసి వయసు కట్టొద్దు. బోల్టులు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత మరలవి కావచ్చు: అరంగుళం బోల్టుకి అంగుళానికి 12 మరలు. అదే సైజు యూఎన్‌సీ అనే అమెరికన్ కొలతకి 13. నట్టు రెండు చుట్లు తిరిగి పట్టేసిందంటే మర వేరని అర్థం, పానాతో బలవంతం చేయొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కాలు బిగించిన చోట ఒక బోల్టు ఇరుసు, రెండోది తెగడానికే పెట్టింది. అది తెగినప్పుడల్లా విసుగొచ్చి తలమీద 10.9 అని ఉన్న బాగా గట్టి బోల్టు వేస్తారు. అప్పుడు బండరాయి తగిలితే బోల్టు నిలుస్తుంది, కాలో కింది లింకో వంగుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే వేయండి. రంధ్రం సాగి ఉంటే ముందు అది సరిచేయించండి.

వ్యాఖ్యాత: హుస్నాబాద్ నుంచి ఇంకో రైతు.

రైతు: మాది చలక సార్. సబ్‌సాయిలర్ దిగుతలేదు. జానెడు పోయి పైకొస్తది. రాళ్లు కట్టాల్నా?

నిపుణుడు: వద్దు. చదునైన గచ్చు మీద దించి చూడండి. కర్రు మొన ఒక్కటే తాకాలి, మడమ, అంటే కర్రు వెనక భాగం, కొంచెం లేచి ఉండాలి. మొన మొద్దుబారి అడుగంతా ఆనుతుంటే ఎంత బరువు కట్టినా దిగదు. కర్రు మార్చండి. వెల్డింగే చేయిస్తే ముందు వేడి చేసి 7018 రాడ్‌తో చేయించండి, తర్వాత బూడిదలో మెల్లగా చల్లార్చండి. నీళ్లలో ముంచితే పగులుతుంది. టాప్‌లింక్ కాస్త కుదిస్తే మొన కిందికి వాలి నేలలోకి దిగుతుంది.

రైతు: ఎంత లోతు దింపాలె?

నిపుణుడు: అది మీ నేలే చెప్పాలి. రెండడుగుల గుంత తీసి, గోడను పైనుంచి కిందికి కత్తితో గుచ్చుతూ రండి. కత్తి దిగడం కష్టమై, మొక్కల వేళ్లు అడ్డం తిరిగిన చోట గట్టిపొర. అది 20 నుంచి 28 సెంటీమీటర్ల మధ్య ఉంటే కర్రు మొన 33–35 దగ్గర నడవాలి. అంతకు మించి లోతు పోతే డీజిల్ దండుగ, మట్టి పైకి లేవకుండా పక్కలకు నొక్కుకుపోతుంది. సాలుకీ సాలుకీ మధ్య లోతుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు, మీకు 35–50 సెంటీమీటర్లు.

నేల పదును, అంటే మట్టిలో తడి, మరీ ముఖ్యం. గట్టిపొర మట్టి తీసి అరచేతుల మధ్య నులమండి. సన్నటి దారంలా సాగితే ఆగండి, రాలిపోతే దించండి. తడిలో కాలు కోసుకుంటూ పోతుంది, గోడలు మెత్తుకుపోతాయి, పగుళ్లు రావు. పది అడుగులు లాగి దిగి చూడండి: కాలికి రెండువైపులా నేల ఉబ్బి బీటలు వారాలి. సన్నటి గాడి ఒక్కటే కనిపిస్తే పదును ఎక్కువైనట్టు, లేదా లోతు మించినట్టు.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి చివరి కాల్.

రైతు: మేం వరి వేస్తామండి. మడిలో తోలించొచ్చాండి?

నిపుణుడు: వరి ఆపకుండా వేస్తుంటే వద్దండి. దమ్ము చేయగా ఏర్పడిన ఆ పొరే నీళ్లు నిలబెడుతోంది. పగలగొడితే ఎంత పెట్టినా ఇంకిపోతాయి. వరి మాని మెట్ట పంటకు పూర్తిగా మారుతుంటే ఎండాకాలంలో, మడి అడుగు దాకా ఆరాక తోలించండి. గట్టు దగ్గర కాలు పూర్తిగా ఎత్తాకే ట్రాక్టర్ తిప్పమని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి. నేలలో ఉండగా తిప్పితే కాలు మెలిపడుతుంది.