కుండీ ఖాళీగా ఉందని నీళ్లు పోయకండి
(ఆదివారం ఉదయం తోటపని ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వాయుగుండం పుణ్యమా అని మూడు రోజులుగా ముసురు వదల్లేదు. ఈ వానలో కుండీల సంగతి చెప్పడానికి వృక్షశాస్త్రం మేడం గారు స్టూడియోకి వచ్చారు. మొదటి ఫోను కావలి నుంచి. చెప్పండమ్మా.

కావలి శ్రోత: నమస్తే మేడం. మా మేనత్త వాళ్లది పాడేరు. రెండేళ్ల కిందట వాళ్ల పెరట్లో ఉండే ఆర్కిడ్ దుంపలు విడదీసి నాకు ఇచ్చింది. చెట్టుకు పట్టుకునే రకం కాదు, మట్టిలో పెరిగేది. జియోడోరం అని మా అబ్బాయి చెప్పాడు. జూన్‌లో పూసింది కూడా. ఇప్పుడు ఆకులన్నీ పండిపోయి రాలిపోయినాయి. కుండీలో ఏమీ లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

మేడం: పూల కాడ పైకి లేచి, కొన దగ్గర కొక్కెంలాగా కిందికి వంగిందా?

కావలి శ్రోత: అవునండీ! తల వాల్చేసిందే అని ఆ రోజు రెండు చెంబులు ఎక్కువ పోసినా.

మేడం: అది దాని తీరు తల్లీ, వాడిపోవడం కాదు. కాయ కట్టాక అదే కాడ మళ్లీ నిటారుగా నిలబడుతుంది. విత్తనం గాలికి ఎగరాలి గదా! మీది జియోడోరం డెన్సిఫ్లోరమే అయి ఉంటుంది. ఇప్పుడు నీళ్లు పోస్తున్నారా?

కావలి శ్రోత: రోజూ పోస్తున్నా. గ్రౌండ్ ఆర్కిడ్‌కి తడి ఆరకూడదని నర్సరీ అతను చెప్పాడు. ఆకు పచ్చబడుతుందేమోనని పోయిన వారం చెంచాడు యూరియా కూడా వేసినా.

మేడం: నర్సరీల్లో గ్రౌండ్ ఆర్కిడ్ అని అమ్మేది ఎక్కువగా స్పాథోగ్లాటిస్. అది ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, దానికి ఆ మాట సరిపోతుంది. మీ మొక్క అట్లా కాదు. ఏటా ఆకు రాల్చేసి దుంపలోకి వెళ్లి పడుకుంటుంది. పాడేరులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన దండిగా పడుతుంది. ఆ తర్వాత వాన తగ్గి చలి మొదలయ్యేసరికి ఇది విశ్రాంతికి వెళ్తుంది. మనకేమో అసలు వాన అక్టోబరు, నవంబరుల్లోనే. అది నిద్రపోయే వేళకి మన నెత్తిన వాయుగుండం ఉంటుంది. ఆకు లేని దుంప నీళ్లు పెద్దగా తాగలేదు. తాగని నీళ్లలో నానితే కుళ్లుతుంది. కుండీ ఎక్కడ ఉంది?

కావలి శ్రోత: మేడ మీద, వానలోనే ఉంది మేడం.

మేడం: ఫోను పెట్టేయకండి. కుండీ లోపలికి తెచ్చి, పేపరు పరిచి, మట్టంతా మెల్లగా దాని మీద వంచండి. దుంపలు ఒక్కొక్కటే వేలితో నొక్కి చూడండి. పచ్చి పసుపు కొమ్ములా గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తగా లోపలికి దిగి, కుళ్లు వాసన వస్తే అది పోయినట్టే.

వ్యాఖ్యాత: కావలి అమ్మగారు లైన్‌లోనే ఉంటారు. ఈలోపు ఉదయగిరి నుంచి ఒక అన్న.

ఉదయగిరి శ్రోత: మేడం, నేను మేకలు తోలుకుని దుర్గం కొండ వైపు పోతుంటా. రాళ్ల సందున ఆకుపచ్చ గడ్డలు సగం మట్టి పైనే ఉంటాయి, ఎండాకాలంలో పొడుగు కాడకి పూలు వస్తాయి. ఆ గడ్డలు తెస్తే కొంటానని ఒకాయన అంటున్నాడు. తవ్వచ్చా?

మేడం: తవ్వొద్దు అన్నా, దండం పెడతాను. మీరు చెప్పేది వింటే యూలోఫియా జాతిదిలా ఉంది. ఆ జాతి దుంపల్నే సాలం మిశ్రి పేరుతో బలం మందుగా అమ్ముతారు. ఆ అమ్మకమే చాలా చోట్ల దాని కొంప ముంచింది. రిజర్వ్ ఫారెస్టులో మొక్క తవ్వడం నేరం, అది ఒకటి. రెండోది వినండి. ఆర్కిడ్ కాయలో విత్తనాలు వేలల్లో ఉంటాయి, పిండిలాగా. వడ్లగింజలో బియ్యం ఉన్నట్టు వాటిలో తిండి నిల్వ ఉండదు. మట్టిలో ఉండే ఒక రకం శిలీంధ్రం, అంటే బూజులాంటిది, విత్తనంలో చేరి తిండి పెడితేనే మొలక నిలుస్తుంది. 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు. మీరు గడ్డ ఒక్కటే తెస్తారు, ఆ మట్టి బతుకంతా అక్కడే ఉండిపోతుంది. ఇంటి దగ్గర అది ఒకటి రెండేళ్లు ఎట్లాగో లాక్కొచ్చి చచ్చిపోవడమే చాలాసార్లు చూశాను.

ఉదయగిరి శ్రోత: మరి పెంచుకునేవాళ్లకి ఎట్టా వస్తాయి మేడం?

మేడం: 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త చక్కెర కలిపిన అగర్ మీద, అంటే సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ మీద, శిలీంధ్రం లేకుండానే విత్తనం మొలిపించి చూపించాడు. ఇవాళ ల్యాబుల్లో అట్లాగే పెంచుతున్నారు. కొండని తవ్వే అవసరమే లేదు. మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ పూల కాడలు మీ మేకలు కొరక్కుండా ఆ నెల పక్క దారిన తోలండి. ఒక్క కాయ పండి పగిలినా చాలు.

ఉదయగిరి శ్రోత: సరే మేడం. ఆయనకి లేదని చెప్పేస్తా.

కావలి శ్రోత: మేడం, తీశా! అయిదు దుంపలు. రెండు మెత్తగా, నల్లగా అయిపోయినాయి. మూడు గట్టిగానే ఉన్నాయి.

మేడం: అమ్మయ్య! మెత్తబడినవి శుభ్రమైన కత్తితో కోసేయండి, కోసిన చోట బొగ్గు పొడి అద్దండి. మిగతా మూడూ విడదీయొద్దు, గొలుసులాగా కలిసే ఉండనివ్వండి. విడివిడిగా నాటితే పూతకి రావడానికి ఏళ్లు పడుతుంది. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. యూరియా మట్టి పారేయండి. మీ పొలంలో రేగడి మట్టి ఉంటే అది కూడా వద్దు, పట్టుకున్న తడి వదలదు. సగం గరప ఎర్రమట్టి, మిగతా సగంలో ఆకుల ఎరువు, చింతగింజంత ఇటుక ముక్కలు. దుంప పైన రెండు వేళ్ల మందం మట్టి చాలు. వరండాలో పెట్టి మరిచిపోండి.

కావలి శ్రోత: నీళ్లు అసలే వద్దా?

మేడం: ఈ చలికాలమంతా వద్దు. మార్చి, ఏప్రిల్‌లో మన ఎండకి కుండీ కాలిపోతుంది కాబట్టి చల్లని మూలకి మార్చి, పదిహేను రోజులకోసారి చేత్తో చిలకరించండి. మొలక బయటికి వచ్చాక నీళ్లు మొదలుపెట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వద్దు, ఇప్పుడు పడే ఈ వాననీళ్లే డ్రమ్ములో పట్టి మూతపెట్టి ఉంచుకోండి.

కావలి శ్రోత: మేడం, ఒక దుంప పక్కన గుండుసూది తలంత తెల్లగా ఏందో ఉంది. పురుగా?

మేడం: గోటితో గీకకండి! అది కన్ను. వచ్చే ఏడాది మొక్క అందులోనే ఉంది. నాటేటప్పుడు ఆ కన్ను పైకి ఉండేలా పెట్టండి తల్లీ.